గాలికి గండి పడే క్షణంలో విద్యుత్ క్షేత్రం కొలవడం ఎలా? ప్రోబు పెడితే స్పార్కు దాని మీదికే దూకుతోంది

సూది_పళ్ళెం
భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగు కాలేజీలో హై వోల్టేజి ల్యాబు చూసుకుంటాను. మూడు వారాలుగా ఒక పిల్లవాడి ప్రశ్నకు జవాబు చెప్పలేక తప్పించుకు తిరుగుతున్నాను.

పైన సూది, కింద పళ్ళెం, మధ్యలో 5 సెంటీమీటర్ల గాలి. సూదికి పాజిటివ్ డీసీ ఇస్తాం. 35 కేవీ (కిలోవోల్టులు, అంటే 35 వేల వోల్టులు) దగ్గర ఫట్‌మని స్పార్కు పడుతుంది. 35ను 5తో భాగిస్తే సెంటీమీటరుకు 7 కేవీ. పుస్తకంలో మాత్రం గాలి సెంటీమీటరుకు 30 కేవీ దాకా తట్టుకుంటుందని ఉంది. "పుస్తకం తప్పా సార్, మన మీటరు తప్పా?" అన్నాడు. మొన దగ్గర క్షేత్రం ఎక్కువ ఉంటుందిలే అని దాటవేశాను. "ఎంత ఎక్కువ? కొలిచి చూపించండి" అన్నాడు.

సరే కొలుద్దామని ప్లాస్టిక్ కడ్డీ చివర బఠాణీ గింజంత ఇత్తడి గుండు బిగించి, దాని తీగను ఆసిలోస్కోపుకు (వోల్టేజి మారే తీరును తెర మీద గీసే పరికరం) ఇచ్చి గ్యాపులోకి దూర్చాను. అప్పటిదాకా బుద్ధిగా పళ్ళెం మధ్యలో పడుతున్న స్పార్కు పక్కకు తిరిగి గుండు మీదికి దూకింది. స్కోపు రెండో చానల్ పోయింది. మరమ్మతు ఖర్చు నా జీతంలో కోస్తామని ఆఫీసు నుంచి కాగితం కూడా వచ్చింది.

అడిగేది ఒక్కటే. స్పార్కుకు ముందు కాగితం మీద వేసే లెక్క కాదు. స్పార్కు పడుతుండగా ఆ గ్యాపులో క్షేత్రం ఎంత ఉందో నిజంగా కొలిచే దారి ఉందా?

తాపేశ్వరం_కాజా
గోదావరి జిల్లాల మర్యాద అండి అది. గుమ్మంలో కొత్త మనిషి కనబడితే ముందు ఆయనకే వడ్డిస్తారు.

రాజోలు_మాస్టారు
వోల్టేజిని గ్యాపుతో భాగించడం రెండు సమాంతర పలకలకు చెల్లుతుంది, అదీ అంచులు గుండ్రంగా మలిచిన పలకలకు. సూదికి చెల్లదు. మీ సూది మొన వ్యాసార్ధం ఎంతో చెప్పలేదు. అర మిల్లీమీటరు అనుకుందాం. మొన దగ్గర క్షేత్రానికి చేతిలెక్క ఇలా ఉంటుంది: వోల్టేజికి రెట్టింపు తీసుకుని, దాన్ని మొన వ్యాసార్ధంతో భాగించి, వచ్చినదాన్ని మళ్ళీ "గ్యాపుకు నాలుగింతలు బై వ్యాసార్ధం" అనే సంఖ్య సహజ లాగరిథంతో భాగించాలి. మీ అంకెలకు ఆ లాగరిథం దాదాపు 6. సెంటీమీటరుకు సుమారు 230 కేవీ వస్తుంది. మీ పిల్లవాడికి ఇది చాలదా?

సూది_పళ్ళెం
మొన అర మిల్లీమీటరే మాస్టారూ. కానీ 230 అయితే ఇంకో చిక్కు. అంత క్షేత్రం ఉంటే 35 దాకా ఆగడం ఎందుకు? 15 కేవీ దగ్గరే బుస మొదలవుతుంది. ల్యాబులో లైట్లు ఆర్పితే మొన మీద చిన్న వెలుగు కూడా కనిపిస్తుంది. అక్కడి నుంచి 35 దాకా స్పార్కు మాత్రం రాదు.

పాలకొల్లు_ఫోటాన్
నా చదువంతా దీని మీదే. ఊరు వదిలి తొమ్మిదేళ్ళయింది, లేజరు ల్యాబులో పని. కాస్త ఓపిగ్గా చదవండి.

మాస్టారి లెక్క చార్జి లేని గాలికి. బుస మొదలైన క్షణం నుంచి ఆ లెక్క చెల్లదు. మొన దగ్గర అణువుల నుంచి ఊడిన ఎలక్ట్రాన్లు తేలిక కాబట్టి చటుక్కున సూదిలోకి పోతాయి. పాజిటివ్ అయాన్లు బరువు, అక్కడక్కడే మసులుతాయి. ఆ మిగిలిన చార్జికి సొంత క్షేత్రం ఉంటుంది. అది మొన దగ్గర క్షేత్రాన్ని తగ్గించి, దూరాన పెంచుతుంది. కాబట్టి 35 కేవీ నాటికి మొన మీద 230 ఉండదు. ఎంత ఉంటుందన్నది అంతకు ముందు ఎంత చార్జి పోగయిందన్న దాన్ని బట్టి మారుతుంది.

తరువాత స్ట్రీమర్ బయలుదేరుతుంది. సన్నటి దారం లాంటిది. దాని తల దగ్గర సెంటీమీటరుకు 100 నుంచి 200 కేవీ. తల దాటిపోయాక వెనుక మిగిలిన దారిలో సుమారు 5 కేవీ మాత్రమే. సెకనుకు అయిదు లక్షల మీటర్ల వేగం అనుకుంటే మీ 5 సెంటీమీటర్లు దాటడానికి దానికి పట్టేది 100 నానోసెకన్లు (నానోసెకను అంటే సెకనులో వంద కోట్లో వంతు).

ఇప్పుడు మీ 7 చూడండి. గాలిలో పాజిటివ్ స్ట్రీమర్ ఆగిపోకుండా అవతలి ఒడ్డు చేరాలంటే సగటున సెంటీమీటరుకు 5 కేవీ దాకా కావాలి. 7 దానికి దగ్గరి బంధువే. కాబట్టి పుస్తకమూ తప్పు కాదు, మీ మీటరూ తప్పు కాదు. 30 అనేది గాలిలో ఎలక్ట్రాన్ల వరద పుట్టడానికి, 5 అనేది ఒకసారి పుట్టిన స్ట్రీమర్ నడవడానికి.

లంకవాసి
గండి కూడా అంతే. గట్టంతా ఒక్కసారి తెగదు. ఎక్కడో ఎలుక బొరియ దగ్గర ఊట మొదలవుతుంది, తరువాత అక్కడే కోత. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం ఎన్ని అడుగులో చూసి, మా లంకలో గండి దగ్గర ఒరవడి ఎంతో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

పాలకొల్లు_ఫోటాన్
@లంకవాసి పోలిక బాగుంది, ఒక్క తేడా. మీ గండి పడిన చోటే ఉంటుంది. స్ట్రీమర్ గండి తానే నడుస్తుంది, తన ముందు గట్టును తానే కోసుకుంటూ పోతుంది. తల దగ్గరి క్షేత్రాన్ని చాలా వరకు ఆ తలలోని చార్జే తయారు చేస్తుంది.

స్తంభం_నెం_34
విద్యుత్ శాఖలో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా విశ్రాంతి తీసుకున్నవాణ్ణి. మీ నానోసెకన్లు నాకు తెలియవు. పుష్యమాసంలో మంచు పడే తెల్లవారుజామున అంతర్వేది వైపు 33 కేవీ లైను కిందికి వెళ్ళి నిలబడండి. పింగాణీల మీద తాచుపాము బుస కొట్టినట్టు వినిపిస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం అదే స్తంభం నోరు మెదపదు. గాలిలో తేమ ఉంటే కరెంటు గాలిలోంచి పారుతుందని చెప్పడానికి లేజరు అక్కర్లేదు. మీ పుస్తకంలోని 30 పొడి గాలికి. డెల్టాలో అది 20 కూడా ఉండదని నా అనుభవం.

రాజోలు_మాస్టారు
ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. తేమ గాలి కొంచెం గట్టిది అవుతుంది, బలహీనం కాదు. నీటి ఆవిరి అణువులు తిరిగే ఎలక్ట్రాన్లను పట్టేసుకుంటాయి, వరద పెరగనివ్వవు.

గోళాల గ్యాపు లెక్క చెబుతాను. 12.5 సెంటీమీటర్ల వ్యాసం గల రెండు గోళాలు, మధ్య 1 సెంటీమీటరు, 20 డిగ్రీల వేడి, మామూలు వాతావరణ పీడనం. 31.7 కేవీ దగ్గర స్పార్కు పడాలి. మన దగ్గర 35 డిగ్రీలు. గాలి పలచబడింది కాబట్టి 30.2కు దిగుతుంది. ఇప్పుడు తేమ. ఘనపు మీటరుకు 25 గ్రాముల ఆవిరి అనుకోండి, మనకు అది మామూలే. దాని సవరణ సుమారు మూడున్నర శాతం, పైకి. మళ్ళీ 31.2కు వచ్చాం. ఎండ తీసుకున్నది ఉక్కపోత తిరిగి ఇచ్చేసింది.

స్తంభం_నెం_34
అయితే ముప్పై నాలుగేళ్ళు నేను విన్న బుస నా చెవుల్లో హోరా మాస్టారూ?

పాలకొల్లు_ఫోటాన్
బుస నిజమే బాబాయ్, పుట్టిన చోటు వేరు. గాలి కాదు, పింగాణీ పైపూత. సముద్రపు గాలి మోసుకొచ్చిన ఉప్పు దాని మీద పేరుకుంటుంది. పొడిగా ఉన్నంతసేపు అది దుమ్ము. మంచు పడగానే ఉప్పునీటి పొర. ఆ పొరలో సన్నగా కరెంటు పారి, వేడికి అక్కడక్కడ ఆరిపోయి పొడి పట్టీలు ఏర్పడతాయి. లైను వోల్టేజి మొత్తం వేలెడంత ఆ పట్టీల మీద పడుతుంది. అక్కడ మొదలవుతుంది మీ పాము.

స్తంభం_నెం_34
ఇది ఒప్పుకుంటాను. ఎందుకంటే పెద్ద వాన కురిసిన మర్నాడు బుస ఉండదు, అంతా కడిగేస్తుంది. మేము కూడా లైను ఆపి పింగాణీలు తుడిచేవాళ్ళం. గుడ్డ మీద తెల్లటి పొడి వచ్చేది, నాలుకకు తగిలితే ఉప్పే. చీకట్లో అయితే ఆ పట్టీల దగ్గర వెలుగు వంకాయ పువ్వు రంగులో ఉంటుంది, గిన్నె అంచు చుట్టూ పాకుతూ. మొదటిసారి చూసినప్పుడు అరగంట అక్కడే నిలబడిపోయాను. మా ఇన్‌స్పెక్టరు గారు వచ్చి తిట్టేదాకా.

పాలకొల్లు_ఫోటాన్
బాబాయ్, మీరు చూసిన వంకాయ పువ్వు రంగే ఒక మీటరు. ఆ వెలుగు గాలిలోని నైట్రోజన్‌ది. అందులో రెండు గీతలు ముఖ్యం. 337.1 నానోమీటర్ల దగ్గర ఒకటి, ఇది కంటికి కనబడదు. 391.4 దగ్గర ఇంకొకటి, ఇది చూపు అంచున ఉంటుంది. మొదటిదాన్ని వెలిగించడానికి ఎలక్ట్రాన్‌కు సుమారు 11 ఎలక్ట్రాన్‌వోల్టుల శక్తి చాలు. రెండోదానికి అణువును అయాన్ చేసి మరీ వెలిగించాలి, 18.7 దాకా కావాలి. క్షేత్రం పెరిగేకొద్దీ శక్తిగల ఎలక్ట్రాన్లు ఎక్కువవుతాయి, రెండో గీత మొదటిదాని కంటే వేగంగా పెరుగుతుంది. రెండింటి నిష్పత్తి చూసి క్షేత్రం చెప్పవచ్చు. గ్యాపులోకి ఏమీ దూర్చనక్కర్లేదు, సూది_పళ్ళెం గారి గుండు బాధ లేదు.

లంకవాసి
అయితే పని అయిపోయినట్టేగా? ఇక గొడవ ఏముంది?

పాలకొల్లు_ఫోటాన్
ఉంది. వెలుగు ఎక్కడ ఉంటే అక్కడి క్షేత్రమే తెలుస్తుంది. స్ట్రీమర్‌లో తల ఒక్కటే గట్టిగా వెలుగుతుంది. చీకటిగా ఉన్న చోట క్షేత్రం ఎంతన్నది ఈ పద్ధతి చెప్పదు, అసలు స్పార్కు పుట్టబోయే ముందు మనకు కావలసినది అదే. పైగా వచ్చే నిష్పత్తి క్షేత్రానిది కాదు, క్షేత్రాన్ని అణువుల సాంద్రతతో భాగించిన విలువది. దాని కొలమానం పేరు టౌన్‌సెండ్. మామూలు గాలి పగిలే 30 కేవీ అంటే ఆ కొలతలో సుమారు 120. స్పార్కు దారిలో గాలి వేడెక్కి పలచబడితే సాంద్రత వేరేగా తెలుసుకోవాలి.

పూతరేకు
బీటెక్ మూడో సంవత్సరం. ఒక అనుమానం. గాలి ఎంత వోల్టేజికి పగులుతుందో పీడనాన్ని, గ్యాపును బట్టి చెప్పే పాషెన్ నియమం ప్రకారం 330 వోల్టుల కంటే తక్కువలో గాలి పగలనే పగలదని చెప్పారు. మరి ఇంట్లో 230 వోల్టుల స్విచ్చు ఆపినప్పుడు లోపల నిప్పురవ్వ ఎందుకు?

రాజోలు_మాస్టారు
మంచి ప్రశ్న. 1889లో పాషెన్ చూపించినది ఒకదానికొకటి దూరంగా నిలబడి ఉన్న ఎలక్ట్రోడ్ల మధ్య గాలికి. ఆ కనిష్ఠం కూడా పీడనాన్ని గ్యాపుతో గుణిస్తే వచ్చే ఒక నిర్ణీత విలువ దగ్గరే. మీ 230కి శిఖరం 325, అంటే గీతకు ఇవతలే. స్విచ్చులో కథ వేరు. కలిసి ఉన్న లోహాలు విడిపోతూ చివరి బిందువు దగ్గర కరుగుతాయి, ఆ లోహపు ఆవిరిలో ఆర్క్ పుడుతుంది. ఫ్యాను, మోటారు లాంటి చుట్టలు ఉంటే ఆపేటప్పుడు వోల్టేజి ఎగదన్నుతుంది కూడా.

రొయ్యల_చెరువు
నాది పరికరం బాధ. మెరుపులు వచ్చే ముందు పనివాళ్ళను గట్టు మీది నుంచి పంపేయడానికి సొంతంగా ఫీల్డ్ మిల్లు, అంటే గాలిలోని విద్యుత్ క్షేత్రాన్ని కొలిచే పరికరం, చేసుకున్నాను. కింద స్థిరంగా ఒక రేకు, దాని పైన నాలుగు రెక్కల కత్తిరింపు రేకు తిరుగుతుంది. పాత కూలరు మోటారు, నిమిషానికి 1440 చుట్లు. పై రేకు మూసినప్పుడు కింది రేకుకు ఆకాశం కనబడదు, తెరిచినప్పుడు కనబడుతుంది, ఆ తేడాకు చార్జి వచ్చిపోతుంది. అంతా బాగానే ఉంది కానీ రీడింగు ఊపిరి పీల్చినట్టు ఎగిరి పడుతోంది, సెకనుకు నాలుగు సార్లు. ఆకాశంలో మబ్బు తునక లేనప్పుడు కూడా.

సూది_పళ్ళెం
1440 అంటే సెకనుకు 24 చుట్లు. నాలుగు రెక్కలు, 96. మీ ఆంప్లిఫయరు కరెంటు అడాప్టరు మీద నడుస్తోందా? అందులో సెకనుకు 100 సార్లు వచ్చే హమ్ ఉంటుంది. 100లోంచి 96 తీసేస్తే మీ నాలుగు. అయిదు రెక్కలు పెట్టండి, 120కి పోతుంది. ఆంప్లిఫయరును బ్యాటరీ మీద పెట్టండి.

పాలకొల్లు_ఫోటాన్
రేకు వైశాల్యం ఎంత? 100 చదరపు సెంటీమీటర్లయితే, నిర్మలమైన రోజున మీటరుకు 100 వోల్టుల క్షేత్రంలో దాని మీదికి వచ్చే చార్జి 9 పికోకూలుంబులు. ఇంత చిన్నదాన్ని కొలుస్తున్నప్పుడు రేకును పట్టి ఉంచిన ప్లాస్టిక్ దిమ్మల మీద సాలెపురుగు ఒక్క పోగు వేసి, దాని మీద మంచు పడితే చాలు, కారిపోతుంది.

రొయ్యల_చెరువు
రేకు సరిగ్గా అంతే. సాలెగూడు ఉంది! దిమ్మకూ డబ్బాకూ మధ్య మూడు పోగులు, వాటి మీద చిన్న దోమ కూడా. తుడిచేశాను. అయిదు రెక్కల రేకు రేపు కోయిస్తాను. ఇదే మిల్లు సూది_పళ్ళెం గారి గ్యాపులో పనికొస్తుందా?

సూది_పళ్ళెం
రాదండి. మీ మిల్లు సెకనుకు 120 సార్లు చూస్తుంది. నా స్ట్రీమర్ పని 100 నానోసెకన్లలో అయిపోతుంది. మీ రెక్క తెరుచుకునే లోపల దాని పెళ్ళీ అయిపోతుంది, వడ్డనా అయిపోతుంది.

లంకవాసి
చెరువు గారూ, మిల్లు ఎక్కడ పెట్టారు? కొబ్బరి చెట్ల కింద పెడితే తక్కువ చూపిస్తుందని ఎక్కడో విన్నాను.

రొయ్యల_చెరువు
కాపలా పాక పక్కన. చుట్టూ పదిహేను కొబ్బరి చెట్లు.

పాలకొల్లు_ఫోటాన్
విన్నది నిజం, రెండు కారణాలు. ఎత్తుగా ఉన్న చెట్టు కింది రేకుకు ఆకాశాన్ని కప్పేస్తుంది, ఇది ఎప్పుడూ ఉండేది. ఉరుముల మబ్బు వచ్చినప్పుడు ఇంకొకటి. ప్రతి ఆకు కొసా, ప్రతి గడ్డిపోచా, వరి వెన్నులతో సహా, సూది_పళ్ళెం గారి సూదే. అవన్నీ కలిసి నెమ్మదిగా బుస కొడుతూ గాలిలోకి చార్జి వదులుతాయి. ఆ చార్జి పొర నేల దగ్గరి క్షేత్రాన్ని అదుపులో ఉంచుతుంది. అందుకే పెద్ద మబ్బు కింద కూడా పొలంలో మీటరుకు 10 కేవీ దాటడం కష్టం. నీటి మీద కొసలు లేవు. విశాలమైన నీళ్ళ మీద అంతకంటే చాలా ఎక్కువ కొలిచారు. మీకు 40 ఎకరాల చెరువు ఉంటే దాని మధ్యలో బల్ల మీద పెట్టి చూడండి, పాక దగ్గరి దానితో పోల్చండి. ఇది నేనే చేయాలనిపిస్తోంది.

తాపేశ్వరం_కాజా
పాక దగ్గర పెట్టినా, చెరువు మధ్యలో పెట్టినా ఉరిమినప్పుడు "అర్జునా, ఫల్గుణా, పార్థా, కిరీటీ" అనడం మానవద్దు. మా మామ్మ ఏ మిల్లూ లేకుండా ఎనభై ఏళ్ళు బతికింది.

వశిష్ఠ_గట్టు (నిర్వాహకుడు)
అర్జునుడి పేర్లు ఇంట్లో కూర్చుని చెప్పుకోండి. ఉరుము వినబడిందంటే మిల్లు ఎంత చూపించినా గట్టు దిగాల్సిందే. పరికరం సున్నా చూపించిందని ఎవరూ ఆగవద్దు. ఇక అసలు విషయానికి రండి.

స్తంభం_నెం_34
అసలు విషయమే అడుగుతాను. స్పార్కు ఎంత వోల్టేజికి పడుతుందో తెలుసు, అంతకంటే తక్కువలో ఉంచితే సరి. లోపల ఎంత క్షేత్రం ఉందో తెలిసి ఏమి చేస్తారు?

పాలకొల్లు_ఫోటాన్
పిడుగు సంగతే తీసుకోండి బాబాయ్. మబ్బుల్లోకి బెలూన్లతో పరికరాలు పంపి కొలిచారు. దొరికేది మీటరుకు ఒకటి, రెండు లక్షల వోల్టులు, ఎప్పుడో ఒకసారి కొంచెం ఎక్కువ. నేల దగ్గర గాలి పగలడానికి 30 లక్షలు కావాలి. ఆ ఎత్తులో గాలి పలచన, సగానికి తగ్గించుకోండి. అయినా చాలా తేడా. మరి మెరుపు ఎలా మొదలవుతోంది? వానచుక్కల, మంచు పలుకుల కొసల దగ్గర క్షేత్రం పెరుగుతుందని ఒక వాదం. కాస్మిక్ కిరణాల వల్ల పుట్టిన వేగమైన ఎలక్ట్రాన్లు ఆగకుండా పరుగెత్తి వరద తెస్తాయని ఇంకొకటి. 1925లో సి.టి.ఆర్. విల్సన్ వేసిన విత్తనం అది, 1992లో గురేవిచ్ బృందం పెంచింది. ఇంతవరకు తేలలేదు.

రాజోలు_మాస్టారు
ఇంకో అవకాశం కూడా ఉంది. బెలూను వెళ్ళిన చోట అంత లేకపోవచ్చు, పది మీటర్ల అవతల ఉండవచ్చు. మీ పరికరం చెప్పేది ఒక చోటి సగటు, ఒక సేపటి సగటు. సూది_పళ్ళెం గారి 7 కూడా సగటే కదా.

పాలకొల్లు_ఫోటాన్
అందుకే చిన్న చోటులో, చిన్న సేపులో చూసే పద్ధతి కోసం ఇంత తాపత్రయం. ఇప్పుడు మేము వాడేది ఈ-ఫిష్ అనే లేజరు పద్ధతి.

రొయ్యల_చెరువు
చేప అన్నారు కాబట్టి ఇది మా ఇలాకా. కిలో ఎంత?

పాలకొల్లు_ఫోటాన్
:) పేరు అలా కుదిరింది. 2017లో ప్రిన్స్‌టన్ వాళ్ళు చూపించాక అందరూ పట్టుకున్నారు. 800 నానోమీటర్ల ఎర్రటి లేజరును ఫెమ్టోసెకన్ల (నానోసెకనులో పది లక్షల వంతు) తునకలుగా గ్యాపులో ఒక చోట కేంద్రీకరిస్తారు. మామూలు గాలిలో రెండు ఎర్ర ఫోటాన్లు కలిసి ఒక నీలి ఫోటాన్, అంటే 400 నానోమీటర్లది, కావు. గాలికి సౌష్ఠవం ఉంది, ఒప్పుకోదు. విద్యుత్ క్షేత్రం ఆ సౌష్ఠవాన్ని చెడగొడుతుంది, కాస్త నీలం పుడుతుంది. నీలం ఎంతన్నది క్షేత్రపు వర్గంతో పెరుగుతుంది. చీకటి చోట కూడా పనిచేస్తుంది, స్పార్కు ఇంకా పుట్టకముందు కూడా.

తంటాలు లేకపోలేదు. వర్గం కాబట్టి క్షేత్రం పైకా కిందికా తెలియదు, తెలిసిన క్షేత్రం ఇంకోటి కలిపి చూడాలి. సరిచూసుకోవడానికి స్పార్కు రాని తక్కువ వోల్టేజిలో, లెక్కకు అందే క్షేత్రంలో ముందు కొలుచుకోవాలి. ఇంకా పెద్ద తంటా, నీలం ఒక్క బిందువు దగ్గరే పుట్టదు, కిరణం పొడుగునా పుడుతుంది. సరిచూసినప్పటి క్షేత్రపు ఆకారం, స్ట్రీమర్ ఆకారం వేరైతే లెక్క తప్పుతుంది. ఈ విషయం గట్టిగా బయటపడింది 2020 ప్రాంతంలో. అంతకు ముందు మేము కొలిచినవి కొన్ని మళ్ళీ లెక్కవేసుకున్నాం. ఆ నెల మా ల్యాబులో ఎవరికీ అన్నం సయించలేదు.

సూది_పళ్ళెం
ఆ లేజరు ధర చెబితే మా ఆఫీసు నా జీతం కాదు, పెన్షను కూడా కోస్తుంది. పేదవాడి దారి చెప్పండి. క్షేత్రాన్ని బట్టి తనలోంచి పోయే కాంతిని మార్చే పాకెల్స్ స్ఫటికం సంగతి ఏమిటి?

రాజోలు_మాస్టారు
స్ఫటికం కూడా గ్యాపులో పెట్టే వస్తువే కదా, ఇత్తడి గుండుకు తమ్ముడు.

పాలకొల్లు_ఫోటాన్
సవతి తమ్ముడు. లోహం కాదు, తీగ లేదు, ఆప్టికల్ ఫైబరుతో కాంతి వెళ్ళి వస్తుంది, కాబట్టి స్కోపు కాలదు. కానీ స్ఫటికానికి పర్మిటివిటీ (క్షేత్రానికి పదార్థం స్పందించే గుణం) ఎక్కువ, చుట్టూ క్షేత్రాన్ని వంచుతుంది. స్ట్రీమర్ తగిలితే దాని మీద చార్జి అంటుకుని చాలాసేపు అబద్ధం చెబుతుంది. దెబ్బకు గంటలా మోగేవి కూడా కొన్ని.

మీకు తగినది పళ్ళెంలోనే ఉంది. పళ్ళెంలో గుండ్రటి రంధ్రం చేసి, అందులో 1 సెంటీమీటరు వ్యాసం గల బిళ్ళను పళ్ళెంతో సమంగా, చుట్టూ సన్నటి ప్లాస్టిక్ వలయంతో బిగించండి. పైకి పొడుచుకు రాలేదు కాబట్టి క్షేత్రానికి అది పళ్ళెంలో భాగమే. ఆ బిళ్ళ నుంచి నేలకు 10 నానోఫారడ్ల కెపాసిటర్. సెంటీమీటరుకు 7 కేవీ ఉంటే బిళ్ళ మీద సుమారు అర నానోకూలుంబు, కెపాసిటర్ మీద 50 మిల్లీవోల్టులు. స్కోపు 1 మెగాఓమ్ కాబట్టి 10 మిల్లీసెకన్లలో కారిపోతుంది. మెల్లగా పెంచే డీసీ కనబడదు, చకచకా మారేదే కనబడుతుంది. మీకు కావలసింది అదేగా. బిళ్ళను సూదికి సరిగ్గా కింద పెట్టకండి, పక్కకు జరపండి. స్కోపును కాపాడడానికి ఎదురెదురు డయోడ్లు, గ్యాస్ అరెస్టరు పెట్టడం మరిచిపోవద్దు. ఇంకో మాట, స్ట్రీమర్ బిళ్ళకు తగిలిన తరువాత వచ్చే రీడింగు క్షేత్రం కాదు, దిగిన చార్జి.

సూది_పళ్ళెం
(పన్నెండు రోజుల తరువాత)
చేశాం. బిళ్ళను లేతు మీద కోయించింది ప్రశ్న అడిగిన పిల్లవాడే. మధ్య నుంచి 2 సెంటీమీటర్లు పక్కకు పెట్టాం. మొదటి రోజు ఏమీ రాలేదు, ప్లాస్టిక్ వలయం మీద మా చేతుల చెమట. స్పిరిటుతో తుడిచి, తొడుగులు వేసుకుని బిగించాక వచ్చింది.

15 కేవీ దగ్గర బుస మొదలవగానే చిన్న చిన్న మెట్లు. చెవికి ఒకటే బుసలా వినబడేది తెర మీద విడివిడి దెబ్బలు. 30 దాటాక మెట్లు పెద్దవయ్యాయి. స్పార్కుకు కాస్త ముందు ఒక ఎగుడు, వెంటనే పెద్ద దూకుడు. ఆ దూకుడును ఫోటాన్ గారు చెప్పినట్టు లెక్కలోంచి తీసేశాం. స్కోపు మొదటి చానల్ బతికే ఉంది.

ఇంకో సంగతి. పిల్లవాడు పొరపాటున సూదికి నెగటివ్ ఇచ్చాడు. మా సోర్సు చివరికంటా, 50 కేవీ దాకా పోయినా స్పార్కు రాలేదు. అదే సూది, అదే గ్యాపు.

పాలకొల్లు_ఫోటాన్
పొరపాటు కాదు, అది మీ తరువాతి ప్రాక్టికల్. సూది పాజిటివ్ అయితే ముందు మిగిలిన పాజిటివ్ అయాన్లు సూదిని పొడుగు చేసినట్టే, పళ్ళెం వైపు. సూది నెగటివ్ అయితే అవే అయాన్లు మొన ముందు తెర కట్టి, దాని అవతల క్షేత్రాన్ని తగ్గిస్తాయి. మెట్లు కూడా వేరే తీరులో వస్తాయి, చిన్నవి, గడియారంలా ఒకే ఎడంతో. చూశారా?

సూది_పళ్ళెం
చూశాం, గడియారంలానే ఉన్నాయి! ఏదో లూజు కనెక్షన్ అనుకుని రికార్డు చేయలేదు. సోమవారం మళ్ళీ పెడతాను.

స్తంభం_నెం_34
సోమవారం నేను రావచ్చా? లైట్లు ఆర్పేటప్పుడు ఉంటే చాలు.

సూది_పళ్ళెం
తప్పకుండా రండి. పదిన్నరకు. గేటు దగ్గర నా సెక్షను పేరు చెప్పండి.

రొయ్యల_చెరువు
ఆలస్యంగా చెబుతున్నాను. అయిదు రెక్కలు, బ్యాటరీ, ఊపిరి ఆగింది. రెండో మిల్లు చేసి చెరువు మధ్యలో బల్ల మీద పెట్టాను. నిన్న సాయంత్రం పడమట మబ్బు లేచింది. పనివాళ్ళను పంపేసి పాకలో కాకుండా ఇంట్లో కూర్చుని రికార్డరు చూస్తున్నాను. పాక దగ్గరి మిల్లు మీటరుకు 4 కేవీ దగ్గర ఆగిపోయింది. చెరువు మధ్యది 11 దాటింది, ఇంకా ఎక్కుతోంది. అప్పుడే ఎక్కడో పిడుగు పడింది, రెండు గీతలూ ఒక్కసారిగా సున్నా దాటి అవతలి వైపుకు దూకాయి. వెంటనే కరెంటు పోయింది. ఏరియేటర్లు ఆగాయి. జనరేటరు దగ్గరికి పరుగెత్తాను, రొయ్యలకు ఊపిరి ముఖ్యం. తిరిగి వచ్చేసరికి రికార్డరు బ్యాటరీ కూడా అయిపోయింది. గీత ఎంత దూరం ఎక్కిందో ఎవరికీ తెలియదు. ఫోటాన్ గారూ, సెలవుల్లో ఊరు వస్తే చెప్పండి, పడవ ఉంది.